దేవుడి గదిలో ఫిల్టరు

ఆ రోజు పరవాడలోని ఆ ఇంట్లో ముగ్గురున్నారు: నాన్నమ్మ కాంతం, ముట్టయి వసారాలో కూర్చున్న ఇంద్రజ, తాను బిగించిన నీళ్ల ఫిల్టరు చూడవచ్చిన ఇంజనీరు దేవీప్రసాద్.

వంటింట్లో ఉండాల్సిన ఫిల్టరు దేవుడి గదిలో కుంకుమ బొట్టుతో వెలిగిపోతోంది.

తుప్పు వాసనేసే బోరునీళ్లు తాగి వాంతి చేసుకున్న ఇంద్రజ, ఆ గది గుమ్మం దాకా వచ్చింది.

"నాన్నమ్మా, ఒక్క గ్లాసు ఆ నీళ్లియ్యవా?"

"ఆగక్కడ! మైల తగిల్తే ఏటవుద్ది?"

"ఎంత మైలైనా తీసేస్తుంది మామ్మగారూ!" అన్నాడు ఇంజనీరు గర్వంగా.

పరాయివాళ్ల ముందు నోరు విప్పని ఇంద్రజ గభాలున అంది: "అయితే నాదీ తీసేత్తది గదా!"

ఇంజనీరు పైకప్పు కేసి చూశాడు. కాంతం ఫిల్టరును ఎగాదిగా చూసింది.

"నిన్నగాక మొన్నొచ్చింది. దానికంత సత్తువేటే!"

ఇంత మిషనూ తన మైల ముందు చాలదట! దాహంలోనూ ఇంద్రజకు నవ్వొచ్చింది.

కాంతం ఆమె ముఖమ్మీదే తలుపేసింది.