కాగితాల్లో ఇసుక

ఎడారి రచనల పోటీలో మా ఆవిడ కథకు మొదటి బహుమతి వచ్చిందని నిర్వాహకుడు ఫోన్ చేశాడు.

"కాగితాల మధ్య ఇసుక కూడా పంపారు చూడండి, న్యాయనిర్ణేతలు పడిపోయారు! సీసాలో పోసి సభలో పెడుతున్నాం. ఏ ఎడారిదండీ?"

"అది గోధుమరవ్వండీ. ఆవిడ వంటగట్టు మీదే రాసేది."

ఆయన గొంతు తగ్గించాడు. "కొంప ముంచారు! బయటికి తెలిస్తే బహుమతి గోవిందా. పోనీ, ఆవిడ ఎడారైనా చూశారా?"

"బస్సెక్కితే వాంతులండీ. ఊరు దాటలేదు."

"ఫోన్ ఒకసారి ఆవిడకివ్వండి. రవ్వ సంగతి ఎవరితోనూ అనొద్దని చెబుతాను."

"ఆవిడ పోయి నాలుగు నెలలైందండీ. కథ పంపింది నేనే."



"అయ్యో... పంపేముందు మీరైనా కాగితాలు దులపాల్సింది కదండీ."

"చేతులు రాలేదండీ."