పైనుంచి చూస్తే

మొదటి రోజే ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచి, మానిటర్ వెనక్కి వంగి చూశాడు.

క్లాసంతా గొల్లుమంది.

"వెనకాల ఏముంది బాబాయ్?" అంది పక్క కుర్చీలో అమ్మాయి.

"ఏం లేదమ్మా. గీత లోపలికి పోయిందన్నారు కదా, ఎందాకా పోయిందో చూద్దామని."

డిజైనరు నవ్వలేదు. ఇనప మెట్లకీ, గోదాముల్లో అటకలకీ కంప్యూటర్లో డ్రాయింగులు గీసివ్వడం ఆయన వ్యాపారం. ఆ గదిలోనే పొద్దుటిపూట నలుగురికి ఆ పని నేర్పుతాడు. మనిషిని చూడగానే ఎంతవరకు పనికొస్తాడో లెక్కగట్టడం ఆయనకి అలవాటు. అరవైకి దగ్గరపడిన ఈయన దేనికీ పనికిరాడని తేల్చుకుని, కిటికీ పక్కనున్న పాత కంప్యూటర్ అప్పగించాడు.

"ఎక్స్ అంటే అడ్డం. వై అంటే ముందూ వెనకా. జెడ్ అంటే ఎత్తు. మూడూ కలిసేచోటు సున్నా. కొలతలన్నీ అక్కణ్ణుంచే మొదలు."

"ఆ సున్నా ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్తారు సార్?"

"గీసేవాడి ఇష్టం."

"మరి కట్టేవాడికి?"

"గీసినవాడు ఏది చెబితే అదే."

పెద్దాయన ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

మిగతావాళ్ళు గంటలో ఒక బల్ల గీసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఈయన మాత్రం మౌస్ పట్టుకుని ఆ బల్లని పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి తిప్పుతూనే ఉండేవాడు. మూడో రోజుకల్లా 'తిరగలి' అని పేరు పడింది.

"పిండి ఎంత వచ్చింది బాబాయ్?"

"ఇంకా నలగలేదమ్మా."

చేయి తిరగడానికి బాగుంటుందని డిజైనరు తన పాత డ్రాయింగులన్నీ వాళ్ళ కంప్యూటర్లలో పడేశాడు. పెద్దాయన రోజుకొకటి తెరిచి తిప్పేవాడు.

మూడో వారంలో బడి మెట్ల పని వచ్చింది. నాలుగంతస్తుల బడి. మొదటి మెట్లు కుదిరితే మిగతావన్నీ డిజైనరుకే. కుదరకపోతే ఇక ఆ గుమ్మం తొక్కే పని లేదు. మధ్యాహ్నం పన్నెండింటికల్లా డ్రాయింగు వర్క్‌షాపుకి చేరాలి. అక్కడ ఇనుము కోతకి సిద్ధంగా ఉంది.

పంపబోతుంటే వెనకనుంచి మాట వినబడింది.

"సార్, దాన్ని ఒక్కసారి తిప్పుతారా?"

"అక్కర్లేదు. పైనుంచి చూశాను. దూలం స్తంభం మీదే కూర్చుంది."

"పైనుంచి చూస్తే నేలమీది కాగితం కూడా బల్లని ఆనుకునే ఉన్నట్టుంటుంది సార్."

"మూడు వారాలకే నాకు పాఠం చెప్పేంతవారయ్యారా?"

పక్క కుర్చీ అమ్మాయి నవ్వాపుకుంది. డిజైనరు డ్రాయింగు పంపేశాడు.

పెద్దాయన కదల్లేదు.

"పిల్లలెక్కే మెట్లు సార్. తిప్పండి. తప్పు లేకపోతే రేపట్నుంచి నా మొహం చూపించను."

పీడా విరగడవుతుందని డిజైనరు తిప్పాడు.

పక్కనుంచి చూస్తే దూలానికీ స్తంభానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు.

స్తంభం ఎత్తు గచ్చునుంచి కొలిచాడు. దూలం ఎత్తు ఆ గచ్చు మీద పరవబోయే రాళ్ళనుంచి కొలిచాడు. ఒకే డ్రాయింగులో రెండు సున్నాలు.

డిజైనరు వర్క్‌షాపు మేస్త్రీకి ఫోన్ చేశాడు. "కోత ఆపండి."

"ఇంకా మొదలెట్టలేదు సార్."

ఊపిరి పీల్చుకోగానే డిజైనరు లెక్క మారిపోయింది. ఇలాంటి కన్ను ఒకటి ఆఫీసులో ఉంటే ఇక వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు.

"రేపట్నుంచి నేర్చుకోవడానికి కాదు, మా డ్రాయింగులు చూడ్డానికి రండి. ఉద్యోగమిస్తాను."

"ఇక రానండి. నేను చూడాల్సింది ఈ పొద్దున్నే చూసేశాను."

కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ పాత కంప్యూటర్ కట్టేయబోయి డిజైనరు ఆగిపోయాడు. తెరమీద ఒక గోదాము అటక. పక్కనుంచి చూస్తున్నట్టుగా ఉంది. కిందటేడు తనే గీశాడు.

ఆ అటక కట్టిన నెలకే కూలింది. డ్రాయింగులో తప్పు లేదనీ, వెల్డరే ఏదో ముక్క ఇరికించి అతికించాడనీ డిజైనరు ఉత్తరం రాశాడు. గోదాముకి వెళ్ళలేదు. ఫైలు తెరవలేదు. ఆ ఉత్తరం మీదే వర్క్‌షాపులో వెల్డరు పని పోయింది.

ఇప్పుడు తెరమీద, దూలానికీ స్తంభానికీ మధ్య, నాలుగు వేళ్ళ సందు.

ముక్క ఇరికించకపోతే ఆ వెల్డరు మాత్రం ఏం చేస్తాడు?

డిజైనరు మళ్ళీ మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"ఆ గోదాము వెల్డరు... నా దగ్గర నేర్చుకుంటున్న పెద్దాయనేనా?"

"ఆయన కాదు సార్. వెల్డరు కుర్రాడు. ఇప్పుడు ఎక్కడో ఇటుకలు మోస్తున్నాడు. మీ పెద్దాయన ఇందాకే వచ్చి, అతనిల్లు ఎక్కడో అడిగి తెలుసుకుని వెళ్ళాడు."

"ఎందుకు?"

"క్షమించమని అడగడానికట. ఆ అటక మీదపడి ఆరు నెలలు మంచాన ఉన్న గోదాము గుమస్తా ఆయనే సార్. మీ ఉత్తరం నమ్మి, తప్పంతా వెల్డరుదేనని ఫిర్యాదు మీద సంతకం పెట్టిందీ ఆయనే."