గోడ మీది పడవ

"పాపని ఒక్కసారి అడగండమ్మా."

బ్రష్షు డబ్బా అంచుకి రాస్తూ అన్నాడు పెయింటరు ముసలాయన. మేస్త్రీ పంపాడంటూ ఆ పొద్దున్నే వచ్చాడు.

"ఏమని?"

"ఏ రంగు కావాలని. పడుకునేది ఆ పిల్ల గదా."

రేవతికి చిర్రెత్తుకొచ్చింది. గులాబీ రంగు గోడలు, వాటి మీద సీతాకోకచిలుకలు, కిటికీకి లేసు తెర... ఫోన్లో చూసి చూసి ఎంచుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లకేం తెలుసు?

గుడివాడలో ఈ ఇంటికి గిరీష్ భార్యగా ఆమె వచ్చి ఏడాది కాలేదు. వర్షిణిని కన్న తల్లి, పిల్లకి ఊహ తెలియకముందే పోయింది. ఆవిడ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు. వర్షిణి రాత్రయ్యేసరికి దిండు పట్టుకుని హాల్లో సోఫా ఎక్కేస్తుంది. గది ముస్తాబు చేస్తేనైనా తనకి దగ్గరవుతుందని రేవతి ఆశ.

అందుకే పిలిచింది.

"ఏ రంగు కావాలే?"

వర్షిణి కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది.

ముసలాయన ఆ పిల్ల చేతికి బ్రష్షు ఇచ్చాడు.

"మాకు చెప్పకపోతే పోనీ బుజ్జమ్మా. గోడకి చెప్పు."

వర్షిణి కిటికీ ఊచల కోసం తెచ్చిన నీలం డబ్బాలో ముంచింది. గోడకి అడ్డంగా ఒక గీత లాగింది.

"సముద్రం," అంది. పిల్ల నోరు విప్పినందుకు రేవతి సరేననక తప్పలేదు.

మర్నాటి నుంచి ఆ గదిలో ఒకటే నవ్వులు. రేవతి వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి గది గుమ్మం దాకా తిరుగుతూనే ఉంది. తను కనపడగానే నవ్వు ఆగిపోయేది.

"పడవకి ఎర్ర అంచు వేద్దాం తాతా!"

"వేద్దాం. తెరచాప నువ్వెయ్యి. వంకరగా వచ్చినా గాలికి వంగిందంటాం."

తనని పిన్నీ అనడానికే ఈ పిల్లకి నోరు రాదు. నిన్న వచ్చినాయన తాతైపోయాడు!

"మీదే ఊరు?" టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

"బందరు అవతలండి, సముద్రం ఒడ్డు. పడవలకి రంగులేసి బతికినోణ్ణి."

"మరి ఇంత దూరం పనికొచ్చారే?"

"రావాలనిపించిందమ్మా."

గిరీష్ చేపల చెరువు నుంచి తిరిగొచ్చే వేళకి మాత్రం ముసలాయన ఉండడు. ఎండ తగ్గకముందే సంచి సర్దేస్తాడు. అదీ రేవతికి అనుమానమే.

ఆ మధ్యాహ్నం గుమ్మంలోంచి చూస్తే, ముసలాయన రంగు వేళ్ళతో వర్షిణికి జడ వేస్తున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ వేస్తున్నాడు.

తన చేత ఒక్కనాడూ జడ వేయించుకోని పిల్ల!

"ఇంక చాలు. రేపట్నించి మీరు రానక్కర్లేదు."

వర్షిణి బిక్కమొహం వేసింది.

ముసలాయన జడ పూర్తి చేసి లేచాడు.

"పేరొక్కటి రాసి వెళ్తానమ్మా. పేరు లేని పడవని మేం నీళ్ళలోకి దించం. ఇంటి ఆడపిల్ల పేరు రాస్తాం."

"సరే, త్వరగా కానివ్వండి."

వర్షిణి పేరే రాస్తాడనుకుంది. ఆయన రాశాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం గిరీష్ రాగానే, గోడ పాడుచేశాడని చెబుతూ రేవతి అతన్ని గదిలోకి తీసుకొచ్చింది. గుమ్మంలోనే ఆమె మాట ఆగిపోయింది.

వర్షిణి దిండు తెచ్చుకుని, పడవ పక్కన మంచం మీద బోర్లా పడుకుని ఉంది.

"పిన్నీ, గంగ ఎవరు? తాత నా పేరు రాయలేదు."

పడవ ముందు భాగాన తెల్లటి అక్షరాలు. గంగ.

గిరీష్ వెళ్ళి ఆ అక్షరాల మీద చెయ్యి ఆనించాడు. తడి వేళ్ళకి అంటింది.

"ఎవరు రాశారిది?"

"పెయింటరు. పేరు... నేనడగలేదండీ. ఇంక రావద్దని పంపేశాను."

గిరీష్ వేళ్ళకంటిన తెల్లరంగు వంక చూశాడు.

"వర్షిణి వాళ్ళమ్మ అందరికీ దివ్యశ్రీ. గంగ అని పిలిచింది లోకంలో ఒక్కరే రేవతీ... నన్ను చేసుకుందని, చివరిచూపుకి కూడా రాని వాళ్ళ నాన్న."