మూడో చెట్టు

నర్సరీ అక్క పరుగున వచ్చేసరికే రెండు జామచెట్లు నేలకూలాయి. మూడోదానికి రంపం పెట్టబోతుంటే ఆమె వెళ్లి మానుకు వీపు ఆనించి నిలబడింది.

"ముందు నన్ను కొయ్యండి," అంది.

రంపం మనిషి యంత్రం ఆపి నెత్తి గోక్కున్నాడు. తనకేం తెలియదని, పైవాళ్లు ఎలా చెబితే అలా చేయడమే తన పని అని గొణిగాడు. నిజమే, ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా ఒళ్లు మండిపోతోంది. తన మొక్కల నర్సరీ నుంచి పెద్ద ఆర్డరొకటి బండికెక్కించి పంపి, ఆ సంతోషంలో టీ గ్లాసు అందుకుందో లేదో, ఈ కబురు వచ్చింది.

మండదా మరి? ఆ చెట్లు ఆమె తన చేత్తో అంటు కట్టి, తన ఖర్చుతో నాటి పెంచినవి. వీధిలో అయిదుగురు ఆడవాళ్లు ఆమె దగ్గరే పని నేర్చుకుని, వాటి నీడన కూరగాయల నారు, పూలమొక్కలు అమ్ముకుంటూ సంసారాలు ఈదుతున్నారు. లేత నారు ఎండలో పెడితే మధ్యాహ్నానికల్లా తల వాల్చేస్తుంది. ఇప్పుడా అయిదుగురూ నారు ట్రేలు పట్టుకుని గోడవార బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు.

"రేపట్నించి ఎక్కడ కూర్చోమంటావే అక్కా?" అంది వాళ్లలో ఒకామె. ఆ మాట నర్సరీ అక్కకు రంపం కన్నా ఎక్కువ కోసింది.

అంతలో మున్సిపల్ ఆఫీసరు కారు దిగాడు. ఆమె అతణ్ణి కడిగిపారేసింది. ఈ చెట్ల వేర్లు ఏ పైపునైనా పగలగొట్టాయా, కొమ్మలు ఏ తీగనైనా తాకాయా అని నిలదీసింది. అయిదు ఇళ్ల పొయ్యిలు ఆర్పడానికి మీకు చేతులెలా వచ్చాయని అడిగింది. అతను నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి అంతా విన్నాడు.

"అయిందామ్మా? సాయంత్రం పెద్దాయన వస్తున్నారు. ఏర్పాట్లు చూసుకోవాలి. కాస్త పక్కకు జరగండి."

"ఎవరొస్తే నాకేం? ఆయన కారు పెట్టుకోవడానికి మా చెట్లు కొట్టేస్తారా?"

"కారుకు కాదమ్మా," ఆఫీసరు విసుక్కున్నాడు. "ఆయన వచ్చేదే ఈ వీధిలో మొక్కలు నాటడానికి. ఎక్కడ చూసినా చెట్లే ఉంటే, ఆ మొక్కలు ఎక్కడ నాటమంటారు?"

ఆఫీసరు అటు తిరిగి, వీధి మలుపులోంచి వస్తున్న బండికి చెయ్యి ఊపాడు. బండి నిండా జామ అంట్లు. అది సరిగ్గా ఆమె ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నువ్విక్కడున్నావా అక్కా? మన మొక్కలు ఎక్కడ దింపమంటావు?"