అబ్రహాము పూచీ

నరసాపురంలో గోదావరి గట్టు కింద వీరవేణి ఇల్లు కనుక్కునేసరికి అబ్రహాముకి చొక్కా తడిసిపోయింది.

ఆమె అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. తెల్లచొక్కా పెద్దాయన, చేతిలో కాగితాల కవరు. చూడగానే లేచి నిలబడింది. ఆ ఇంటికి కాగితాలు పట్టుకొచ్చినవాళ్లెవరూ మంచి కబురు తేలేదు.

"రాముడి భార్యవి నువ్వేనా అమ్మా?"

"నేనేనండి. ఆయనకేమైనా అయ్యిందాండి?"

"ఏం కాలేదు. నా పేరు అబ్రహాము. కోర్టులో గుమస్తాగా చేసి పోయిన శుక్రవారమే రిటైరయ్యాను. పైకోర్టు మీ ఆయనకి బెయిలిచ్చిందమ్మా. ఇద్దరు జామీనుంటే ఇంటికొచ్చేస్తాడు."

వీరవేణి చేతిలోంచి దారపుండ జారిపోయింది.

ఆరేళ్ల కిందట రేవులో పడవల దగ్గర కొట్లాట జరిగింది. రాముడు తోసిన తోపుకి ఒక మనిషి పడవ అంచుకి తలకొట్టుకుని చనిపోయాడు. పదేళ్ల శిక్ష పడి రాముడు రాజమండ్రి జైలుకి వెళ్లాడు. అప్పీలు, దాంతోపాటు బెయిలు అర్జీ వేసిన ఉచిత లాయరు మధ్యలోనే కాలం చేశాడు. ఆ తర్వాత దాని సంగతి అడగడానికి వీరవేణికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియలేదు.

అబ్రహాము ఇంకో మాట కూడా చెప్పాలనే వచ్చాడు. దారంతా ఆ మాటే కూడబలుక్కున్నాడు. ఈలోగా ఆమె గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. గోడ మీద ఒక ముసలామె ఫోటో ఉంది.

"మా అత్తగారండి, మహాలక్ష్మమ్మ. పోయిన కార్తీకంలో పోయారు. ఆఖరి రోజుల్లో ఎవరు గుమ్మంలోకొచ్చినా 'రావుడొచ్చాడా?' అనే అడిగేవారండి."

తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే అబ్రహాము లేచాడు.

జైలుకెళ్లినవాడికి జామీనంటే అందరూ మొహం తిప్పుకున్నారు. పడవ యజమాని త్రిమూర్తులు గుమ్మం ముందు అబ్రహాము మూడు రోజులు నిలబడ్డాడు. మూడో రోజు త్రిమూర్తులే విసిగిపోయి, "మీకేమవుతాడండీ వాడు?" అన్నాడు.

"ఏమీ కాడండి."

ఆ జవాబు విని ఏమనుకున్నాడో, సంతకం పెడతానన్నాడు. రెండో జామీనుకి అబ్రహాము తన సొంత ఇంటి కాగితాలు తీశాడు.

"ముక్కూ మొహం తెలియనివాడికి ఇల్లు పూచీ పెడతారా?" అంది భార్య సంపూర్ణమ్మ. "వారం నుంచి అన్నం ముట్టరు. ఆదివారం ప్రార్థనలో లేచి బయటికొచ్చేశారు. అసలేమైందండీ మీకు?"

అబ్రహాము చెప్పులేసుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

కోర్టులో పాత స్నేహితులు వింతగా చూశారు. "సర్వీసులో ఉన్నన్నాళ్లూ గుమ్మంలో నిలబడ్డవాళ్లని తలెత్తి చూడలేదు కదండీ మీరు. ఇప్పుడిలా మారిపోయారేంటి?" అన్నాడొకాయన. నిజమే. ముప్పై నాలుగేళ్లు అబ్రహాముకి మనుషులంటే కేసు నెంబర్లే. వాళ్లకి ఇల్లుంటుందని, ఇంట్లో గుమ్మంకేసి చూసే తల్లి ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

కోర్టు సూపరింటెండెంటు కాగితాలన్నీ చదివాడు. మళ్లీ మొదటి కాగితం తీసి చూశాడు. "అబ్రహాముగారూ, ఇదీ..." అంటూ ఆగిపోయాడు.

"నన్నేమైనా అడగండి సార్, జవాబు చెప్తాను. ముందు ఆ మనిషిని బయటికి రానివ్వండి."

ఆయన కాగితాలు జడ్జిగారి దగ్గరికి పంపించాడు. సాయంత్రానికల్లా విడుదల ఉత్తర్వు తయారైంది.

మర్నాడు పొద్దున్న రాజమండ్రి జైలు గేటు దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. వీరవేణి, ఆమె ఏడేళ్ల కూతురు అశ్విని, అబ్రహాము. రాముడు సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నెరిసిన గడ్డం, ఎండకి చికిలించిన కళ్లు. భార్యని చూసి అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత కూతురి వైపు చేతులు చాపాడు.

అశ్విని రాలేదు. అబ్రహాము వేలు గట్టిగా పట్టుకుని ఆయన వెనక దాక్కుంది.

"మీ నాన్నేనమ్మా, వెళ్లు," అన్నాడు అబ్రహాము. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"కొత్తండి దానికి. చంటిపిల్లప్పుడు చూసిందే నాన్నని," అంది వీరవేణి కళ్లు తుడుచుకుంటూ. "ఈ బాబుగారే లేకపోతే నువ్వు బయటికొచ్చేవోడివి కాదు. కాళ్లకి దణ్ణం పెట్టు."

రాముడు వంగాడు. అబ్రహాము నిప్పు తొక్కినవాడిలా వెనక్కి తగ్గాడు.

"వద్దు. నేను చేయాల్సిన పనే ఇది."

"అంత మాటెవరంటారండీ ఈ రోజుల్లో," అన్నాడు రాముడు. "మా అమ్మ ఇంకొన్నాళ్లు ఆగుంటే మీ చేతులు కళ్లకద్దుకునేదండి."

అబ్రహాము చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. చివరికి కవరులోంచి పైకోర్టు బెయిలు ఆర్డరు నకలు తీసి రాముడి చేతికిచ్చాడు.

"ఇది నీ దగ్గరే ఉండాలి. చదువుకున్నవాళ్లెవరి చేతైనా చదివించుకో. మా ఇంటి అడ్రసు వెనకాల రాశాను. చదివించుకున్నాక రా. ఏమన్నా పడతాను."

"ఇంకా చదివించుకునేదేముందండి, బయటికొచ్చేశాగా," అని నవ్వి రాముడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రిటైరైన రోజు తన బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే పాత రిజిస్టరు అడుగున అబ్రహాముకి దొరికిన ఆ ఆర్డరు మీద తేదీ, మూడేళ్ల రెండు నెలల కిందటిది.