హైమ ఒప్పుకోని సినిమా

మా అమ్మాయి హైమ పాతికేళ్లుగా టీవీ చానల్‌కు డాక్యుమెంటరీలు తీస్తోంది. ఇప్పుడు కెమెరాతో పనిలేదు. సినిమా అంతా, అందులో మనుషులతో సహా, చానల్ వాళ్ల మిషనే తయారుచేసి ఇంటికి పంపుతుంది. చివర్లో దర్శకురాలు తెరమీదికి వచ్చి, "ఇదంతా నేను కళ్లారా చూశాను" అని చెప్పాలి. హైమ ఉద్యోగమల్లా ఆ ఒక్క మాటే.

నిన్న ఉప్పుమళ్ల మీద సినిమా వచ్చింది. అందులో ఆదెమ్మ అనే కూలి, పని హాయిగా ఉందంటూ నవ్వుతోంది.

"అమ్మా, ఈ ఆదెమ్మ పోయినేడే ఎండదెబ్బకు చచ్చిపోయింది. సాగనంపేటప్పుడు నేనక్కడే ఉన్నా."

"ఆ ఒక్క మాటా చెప్పెయ్యవే తల్లీ, మనకెందుకు? ఉద్యోగం పీకేస్తే ఎట్టా?" అన్నాను.

"నీ భయాలు వింటే యముడికే చెమటలు పడతాయే!" అంటూ అటక మీది పాత కెమెరా దించుకుని, ఆదెమ్మ వాళ్ల ఊరికి బయలుదేరింది.

ఈ సాయంత్రం టీవీలో ఆ ఉప్పుమళ్ల సినిమానే వేశారు. చివర్లో హైమే వచ్చింది, ముఖం మీద ఒక్క ముడతా లేకుండా. "ఇదంతా నేను కళ్లారా చూశాను" అంది. ఆ ఒక్క మాటకు కూడా వాళ్లకు నా పిల్ల అక్కర్లేకపోయింది.

వెంటనే దానికి ఫోన్ చేశాను. ఆ ఫోనూ చానల్ వాళ్లిచ్చిందే.

"ఎక్కడున్నావే? అన్నం తిన్నావా?"

"క్షేమంగా ఉన్నానమ్మా. కడుపునిండా తిన్నాను. నువ్వేం కంగారు పడకు."

గొంతు అచ్చం హైమదే. నా కూతురు ఇన్నేళ్లలో ఏనాడూ విసుక్కోకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.