‘ట’ లేని మాట

కుందేలు పూర్ణిక కూనకు జ్వరం వచ్చిందన్న వార్త పొక్కగానే, మడుగు ఒడ్డున కొమ్మకొమ్మకూ ఒక వైద్యుడు పుట్టుకొచ్చాడు.

“ఎఱ్ఱతీగ ఆకు నమిలించవమ్మా, చిటికెలో తగ్గుతుందట,” అన్నది చిలుక.

“అడవిపందికి ప్రాణం నిలిపిందట,” అంటూ ఉడుత ఆయాసపడుతూ ఆ ఆకునే తెచ్చి పూర్ణిక ముందుంచింది.

“మూలనపడ్డ ఏనుగు లేచి పరుగెత్తిందట,” అని కప్పలన్నీ ఒక్క గొంతుతో అందుకొన్నాయి.

పూర్ణిక ఆకును కూన నోటిదాకా తీసుకొనిపోయి ఆగింది.

“పెద్దలారా, మాట చివరనున్న ఆ ‘ట’ను తీసివేసి ఒక్కరు చెప్పండి. ఇప్పుడే తినిపిస్తాను.”

“ఇంతమందిమి చెబుతుంటే సాక్ష్యం కావాలా? ఎంత పొగరు తల్లీ నీకు,” అని చిలుక ఈసడించింది. అయినా ‘ట’ లేకుండా చెప్పడానికి దానికీ నోరు రాలేదు.

అప్పుడు గుంపు వెనుకనుండి దుప్పి మెల్లగా ముందుకు వచ్చింది.

“నేను చెబుతాను. నా బిడ్డకు ఆ ఆకే తినిపించాను. చనిపోయింది.”

పూర్ణిక ఆకును విసిరికొట్టి, కూనను ఒడిలోకి లాక్కొన్నది.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?”

“ఎవరూ అడగలేదు, చెల్లీ.”